బేరారు, భద్రాచలం, రైలు పట్టాలు: 1948కి ముందరి కథ

మొదటి ప్రపంచ యుద్ధానికి దారితీసిన పరిస్థితులేవని అడిగితే మన విద్యార్థులు తడుముకోకుండా బెర్లిన్–బాగ్దాద్ రైలు మార్గం పేరు చెబుతారు. డాన్యూబ్ నదిలో ఎవరి ఓడలు తిరగాలి, ఎవరు సుంకం వసూలు చేయాలి అన్న తగాదా గురించి కూడా కొందరు చెప్పగలరు. ఇటువంటి వ్యవహారమే మన గోదావరి ఒడ్డున, మన సికింద్రాబాదు స్టేషనులో దాదాపు నూరేళ్ల పాటు నడిచిందనీ, దాని చివర 1948 సెప్టెంబరులో అయిదు రోజుల యుద్ధం వచ్చిందనీ చెబితే మాత్రం ఆశ్చర్యపోతారు. 'పోలీసు చర్య' అన్న పేరు ఆ యుద్ధాన్ని ఎంత చిన్నది చేసిందో, దానికి ముందు జరిగిన రాయబారాలన్నిటినీ అంతగానూ మరుగుపరచింది.

నేను ఉండేది బహదూర్‌పల్లిలో. ఈ కథకు కావలసిన సాక్ష్యాలలో సగం మా ఊరికి ఆమడ దూరంలోపలే ఉన్నాయి. తూర్పున బొల్లారం దండు. దాన్ని దాటుకుంటూ గుండ్లపోచంపల్లి, మేడ్చల్ మీదుగా వాయవ్యానికి మన్మాడ్ దాకా సాగిపోయే రైలు పట్టాలు. ఒకటి నిజాము రాజ్యం తన భూమిని ఎలా పోగొట్టుకున్నదో చెబుతుంది. రెండవది ఆ రాజ్యపు దారులు ఎవరి అవసరానికి వేశారో చెబుతుంది. గోదావరి సాక్ష్యానికి మాత్రం భద్రాచలం దాకా పోవాలి.

దండు ఖర్చు, దేశం తాకట్టు

ముందుగా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. హైదరాబాదు రాజ్యానికి మొదట్లో సముద్రం ఉండేది. 1766 నాటి ఒప్పందంతో నిజాం అలీ ఖాన్ ఉత్తర సర్కారులను ఈస్టిండియా కంపెనీకి వదిలిపెట్టాడు. గుంటూరు సర్కారు 1788లో చేతులు మారింది. 1800లో బళ్లారి, కడప ప్రాంతాలు పోయాయి. అవే దత్త మండలాలు. 1802 నాటి వాణిజ్య ఒప్పందంలో మచిలీపట్నం రేవును వాడుకునే హక్కు నిజాముకు కాగితం మీద దక్కింది గాని, రేవూ, రేవుకు పోయే దారీ కంపెనీవే. సర్కారులకు బదులుగా ఏటా రావలసిన పేష్కష్ కూడా 1823 ప్రాంతంలో పామర్ కంపెనీ అప్పు తీర్చడం కింద జమయిపోయింది. ఆ విధంగా సముద్రమూ పోయింది, దాని తాలూకు రాబడీ పోయింది.

ఇక బొల్లారం సంగతి. రెసిడెంటు హెన్రీ రసెల్ కాలంలో, 1812 తర్వాత, నిజాము ఖర్చు మీద ఇంగ్లీషు అధికారుల కింద ఒక సైన్యం తయారయింది. క్రమంగా దానికి హైదరాబాదు కంటింజెంటు అని పేరు స్థిరపడింది. దాని ముఖ్య స్థావరాలలో బొల్లారం ఒకటి. 1800 ఒప్పందం ప్రకారం యుద్ధ సమయంలో సైన్యాన్ని సమకూర్చవలసిన బాధ్యత నిజాముకు ఉన్న మాట నిజమే. కాని శాంతి కాలంలో కూడా ఏడాది పొడుగునా ఈ దండును మేపాలని ఏ ఒప్పందంలోనూ లేదు. దాని అధికారులకు నిజాము జీతాలివ్వాలి, ఆజ్ఞలు మాత్రం రెసిడెంటువి. జీతాలు బకాయి పడ్డాయి, కంపెనీ అప్పు ఇచ్చింది, అప్పుకు వడ్డీ పెరిగింది. 1853 మే నెలలో డల్హౌసీ పంపిన రెసిడెంటు కర్నల్ లో ఒత్తిడి తెచ్చి నాసిరుద్దౌలా చేత సంతకం పెట్టించాడు. దండు ఖర్చుకు హామీగా బేరారు, నల్దుర్గ్ వైపు జిల్లాలు, రాయచూరు అంతర్వేది కంపెనీ పాలనలోకి పోయాయి. ఈ ఒప్పందం జరిగిన కొద్ది రోజులకే దివాను సిరాజుల్ ముల్క్ కన్నుమూశాడు. అతని స్థానంలోకి వచ్చిన ఇరవై నాలుగేళ్ల సోదరుని కొడుకే మొదటి సాలార్ జంగు. బేరారును తిరిగి తెచ్చుకోవడం ఆయనకు జీవితాంతపు కోరికగా మిగిలిపోయింది.

కంపెనీ బేరారునే ఎందుకు కోరింది? నల్ల రేగడి, దాని మీద పండే పత్తి. మాంచెస్టరు మిల్లులు అమెరికా పత్తి మీద ఎంతగా ఆధారపడ్డాయో, ఆ ఆధారం తెగితే ఏమవుతుందోనని లండనులో అంతగా భయం ఉండేది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలయ్యాక ఆ భయం నిజమయింది. బొంబాయి నుంచి బేరారు మీదుగా నాగపూరుకు రైలు 1867లో చేరింది. నిజాము పేరు మీద ఉన్న నేలలో, నిజాముకు చెందని రైలు, నిజాముకు అక్కరలేని రేవుకు పత్తిని మోసుకుపోయింది.

పడవల కోసం ఒక ఒడ్డు

పత్తికి ఇంకొక దారి కూడా ఆలోచించారు. ఆ దారి గోదావరి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్‌కు రైళ్ల కంటె నీటి మార్గాల మీద గురి ఎక్కువ. నాగపూరు, బేరారు ప్రాంతాల పత్తిని వార్ధా, ప్రాణహిత, గోదావరి నదుల మీదుగా సముద్రానికి దింపవచ్చునని ఆయన వాదించాడు. దానికి అడ్డుగా నదిలో మూడు రాతి అవరోధాలున్నాయి. మొదటిది దుమ్ముగూడెం దగ్గర, రెండవది ఇంచంపల్లి దగ్గర, మూడవది ప్రాణహిత మీద దేవలమర్రి దగ్గర. లాకులు, కాలువలు తవ్వి వాటిని తప్పించుకుపోవాలని ఏర్పాటు. పని కెప్టెన్ హేగ్ చేతిలో పెట్టారు.

అయితే నదికి రెండు ఒడ్డులూ చాలా దూరం నిజామువే. ఒడ్డు పరాయిదైతే పడవకు సుంకం తప్పదు. ఇక్కడే 1860 డిసెంబరు నాటి ఒప్పందం వచ్చింది. 1857లో సాలార్ జంగు ఇంగ్లీషు వారి పక్షం వహించాడు గనుక, నిజాము అఫ్జలుద్దౌలాకు అది బహుమానమని పైకి చెప్పారు. సుమారు యాభై లక్షల అప్పు మాఫీ అయింది. నల్దుర్గ్, రాయచూరు తిరిగి వచ్చాయి. తిరుగుబాటు చేసిన సురపురం సంస్థానం నిజాముకు దక్కింది. బేరారు మాత్రం ఇంగ్లీషు వారి దగ్గరే 'హామీ'గా ఉండిపోయింది. వీటన్నిటి మధ్య, చాలామంది చదవకుండా దాటిపోయే ఒక షరతు ఉంది: గోదావరి ఎడమ ఒడ్డున నిజాముకున్న తాలూకాలు ఇంగ్లీషు వారికి పోవాలి, నది మీద రాకపోకలకు సుంకాలు ఉండరాదు. ఆ తాలూకాలలో భద్రాచలం, రేకపల్లి ఉన్నాయి.

రాముడి గుడి ఉన్న ఊరు హైదరాబాదు రాజ్యం నుంచి బయటికి వెళ్లిపోవడానికి కారణం ఇదీ. అక్కడి కోయల సంగతి గాని, గుడి సంగతి గాని ఎవరి మనసులోనూ లేదు. పత్తి పడవలు నిరాటంకంగా పోవాలి, అంతే. ఆ తాలూకాలను మధ్య పరగణాలలోని ఎగువ గోదావరి జిల్లాలో కలిపి, సిరోంచను ముఖ్య పట్టణం చేశారు. పదేళ్లు పని నడిచింది. ఖర్చు పెరిగింది, జ్వరాలతో మనుషులు పడిపోయారు, ఈలోగా రైలు నాగపూరు చేరింది. 1871లో పనులు మానేశారు. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మార్చారు. పడవలు రాలేదు. ఒడ్డు తిరిగి ఇవ్వలేదు.

పట్టాలు ఎవరివి?

ఇప్పుడు రైళ్ల వంతు. మద్రాసు, బొంబాయి రైలు మార్గాలు 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. అంటే ఇండియాలోని రెండు పెద్ద రేవులను కలిపే దారి గుల్బర్గా, వాడి మీదుగా నిజాము నేలలోనే పడింది. ఆ దారి నుంచి సికింద్రాబాదుకు కొమ్మ వేయాలని కలకత్తా ప్రభుత్వం పట్టుబట్టింది. సికింద్రాబాదులో పెద్ద సైనిక దండు ఉంది, దాన్ని త్వరగా కదిలించగలగాలి. 1870లో ఒప్పందం, 1874లో వాడి–సికింద్రాబాదు లైనుపై రైళ్లు. నూరు మైళ్లకు పైబడిన ఆ లైనుకు పెట్టుబడి భారం నిజాము ప్రభుత్వానిది. నడిపే బాధ్యత ఇంగ్లీషు వారిది. సంస్థానాలలో రైలు వేసిన నేల మీద సివిలు, క్రిమినలు అధికారాలు కూడా ఇంగ్లీషు వారికే చెందాలన్నది ఆనాటి పద్ధతి. పట్టాలకు అటూ ఇటూ నిజాము చట్టం, పట్టాల మీద ఇంగ్లీషు చట్టం. గీత గీసినట్టు రాజ్యం మధ్యగా ఒక పరాయి దేశం సాగిపోయింది.

1883 ఫిబ్రవరిలో సాలార్ జంగు చనిపోయాడు. బాల నిజాము మహబూబ్ అలీ ఖాన్‌కు ఇంకా పట్టాభిషేకం కాలేదు. ఆ ఏడాదే లండనులో ఒక కంపెనీ పెట్టి, ఉన్న లైనును దానికి అప్పగించి, కొత్త లైన్లు వేయించి, పెట్టుబడి మీద అయిదు శాతం వడ్డీకి నిజాము ఖజానా హామీ ఉండాలన్న పథకం బయటికి వచ్చింది. చరిత్రలో దాన్ని చాందా రైల్వే పథకమంటారు. లాభం వస్తే వాటాదార్లకు, నష్టం వస్తే రైతుల శిస్తుకు. ఇది జనానికి వివరించి చెప్పండి, అభిప్రాయం అడగండి అని కోరినవారు హైదరాబాదులో కొందరున్నారు. వారిలో ఒకరు నిజాం కళాశాలకు పునాది వేసిన అఘోరనాథ చట్టోపాధ్యాయ, సరోజినీ నాయుడు తండ్రి. ఆయనను రాజ్యం నుంచి వెళ్లగొట్టారు. హైదరాబాదులో ఆధునిక రాజకీయ ఆందోళన ఒక రైలు లెక్క అడగడంతో మొదలయిందని నేను నమ్ముతాను. గనుల హక్కుల వ్యవహారంలో ఈ పథకపు సూత్రధారి అబ్దుల్ హక్ 1888లో పదవి పోగొట్టుకున్నాడు. ఆ కుంభకోణం మీద బ్రిటిషు పార్లమెంటు సంఘమే విచారణ జరిపింది. దీన్ని బట్టి అడిగినవారి అనుమానం ఉత్తది కాదని తేలింది.

లైను మాత్రం వరంగల్లు, డోర్నకల్లు మీదుగా 1889లో బెజవాడ చేరింది. సింగరేణి బొగ్గు బయటికి వచ్చింది. మా మేడ్చల్ మీదుగా పోయే హైదరాబాదు–గోదావరి లోయ రైల్వే 1899–1901 మధ్య మీటరు గేజి మీద వచ్చింది. దానివల్ల నిజామాబాదు, నాందేడు, ఔరంగాబాదు ప్రజలకు మేలు జరగలేదని నేననను. కరువులో ధాన్యం కదిలింది, జిన్నింగు మిల్లులు వచ్చాయి. కాని చిత్తరువు ముందు పెట్టుకొని చూడండి. వాడి, మన్మాడ్, బెజవాడ. ప్రతి పట్టా పరాయి సరిహద్దు దాకా పోయి ఆగుతుంది. ఆ తర్వాతి స్టేషను, రేవు, తాళంచెవి పరాయివాడివి. 1930లో నిజాము ప్రభుత్వం కంపెనీ నుంచి రైల్వేను కొనేసింది. చిత్తరువు మారలేదు.

బేరారు కోసం అర్జీలు

ఈ మధ్యలో బేరారు రాయబారం సాగుతూనే ఉంది. దండు ఖర్చుకు రొక్కం కడతాను, జిల్లాలు ఇవ్వమని సాలార్ జంగు పలుమార్లు రాశాడు. 1876లో స్వయంగా ఇంగ్లండు వెళ్లాడు. దారిలో పారిసు హోటలు మెట్ల మీద జారి కాలు విరిగినా ప్రయాణం మానలేదు. విందులు దొరికాయి, బేరారు దొరకలేదు. 1902లో కర్జన్ హైదరాబాదుకు వచ్చి మహబూబ్ అలీ ఖాన్‌తో ఏకాంతంగా మాట్లాడి, ఏడాదికి 25 లక్షల కౌలు మీద బేరారును శాశ్వతంగా తీసుకున్నాడు. కంటింజెంటును ఇండియా సైన్యంలో కలిపేశారు. అంటే ఏ దండు ఖర్చు కోసం బేరారు పోయిందో ఆ దండు కూడా పోయింది. బేరారు మాత్రం రాలేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో కోట్లు ధారపోసిన ఉస్మాన్ అలీ ఖాన్ 1923లో మళ్లీ అడిగాడు, సమాన ప్రతిపత్తి గల రాజుగా. 1926 మార్చిలో వైస్రాయి రీడింగ్ ఇచ్చిన జవాబు సంస్థానాధీశులందరికీ పిడుగుపాటు. బ్రిటిషు ప్రభుత్వంతో సమానంగా కూర్చొని మాట్లాడే హక్కు ఏ దేశీయ రాజుకూ లేదని దాని సారాంశం. 1936లో ఊరడింపుగా యువరాజుకు 'ప్రిన్స్ ఆఫ్ బేరార్' అన్న బిరుదు ఇచ్చారు. పేరులో బేరారు వచ్చింది.

యుద్ధానికి ముందు ఏడాది

1947 వేసవిలో ఇంగ్లీషు వారు పోతున్నారని తేలగానే పాత లెక్కలన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి. 82 వేల చదరపు మైళ్ల రాజ్యం, కోటీ అరవై లక్షలకు పైగా జనం. సముద్రం లేదు. జూన్ నెలలో నిజాము స్వతంత్రుడిగా ఉంటానని ఫర్మానా వెలువరించాడు. మార్మగోవా రేవు కోసం పోర్చుగీసు వారితో మంతనాలు జరిపించాడు. బస్తరులోని ఇనుప గనులను హైదరాబాదుకు కౌలుకిప్పించే ప్రయత్నం సర్దారు పటేలును కలవరపరచింది. రేవు, గని, రెంటినీ కలిపే రైలు: స్వతంత్ర రాజ్యానికి కావలసినవేవో నిజాము సలహాదార్లకు తెలియక కాదు, ఎనభై ఏళ్లు ఆలస్యంగా తెలిసింది.

1947 నవంబరు 29న యథాతథ ఒప్పందం జరిగింది. కె. ఎం. మున్షీ భారత ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చి మా పక్క బొల్లారంలోనే మకాం పెట్టాడు. నిజాము ప్రభుత్వం పాకిస్తానుకు 20 కోట్ల విలువ గల పత్రాలు అప్పుగా ఇచ్చింది. రాజ్యంలో భారతీయ నాణెం చెల్లుబాటును అడ్డుకుంది. తమ మీద దిగ్బంధం విధించారని, ఉప్పు, మందులు, పెట్రోలు రానివ్వడం లేదని హైదరాబాదు వారు ఫిర్యాదు చేశారు. అటువంటిది లేదని ఢిల్లీ వారన్నారు. ఏ మాట నమ్మినా, ఒక సంగతి మాత్రం కాదనలేనిది. వాడి, మన్మాడ్, బెజవాడల్లో గేటు వేస్తే హైదరాబాదుకు ఊపిరాడదు. సిడ్నీ కాటన్ అనే వైమానికుడు కరాచీ నుంచి బీదరు, వరంగల్లు విమానాశ్రయాలకు రాత్రివేళ ఆయుధాలు దింపవలసి వచ్చిందంటే కారణం అదే. ఒక కాటన్ గోదావరి మీద దారి వెతికాడు, ఇంకొక కాటన్ ఆకాశంలో వెతికాడు.

1948 మే 22న మద్రాసు–బొంబాయి మార్గంలోని గంగాపూర్ స్టేషనులో రైలు మీద దాడి జరిగింది. ఢిల్లీ పత్రికలు భగ్గుమన్నాయి. ఊళ్లలో రజాకార్ల దౌర్జన్యం మితిమీరింది. ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగిన ఊచకోతను మన ప్రాంతం ఇప్పటికీ మరువలేదు. మౌంట్‌బాటెన్ వెళ్లిపోయే ముందు తయారయిన చివరి ముసాయిదాను నిజాము తోసిపుచ్చాడు. ఐక్యరాజ్య సమితికి ఫిర్యాదు వెళ్లింది.

సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. ఎటునుంచి వచ్చిందో చూడండి. పడమటి ప్రధాన దళం షోలాపూరు నుంచి బయలుదేరి మొదట పట్టుకున్నది నల్దుర్గ్ దగ్గర బోరీ నది వంతెనను. 1853లో పోయి 1860లో తిరిగివచ్చిన నల్దుర్గ్ అదే. తూర్పు దళం బెజవాడ నుంచి వచ్చింది. దక్షిణాన తుంగభద్ర వంతెన మొదటి రోజే చేజిక్కింది. ఆ నది మీద ఆనకట్టకు మూడేళ్ల కిందటే, 1945లో, ఒక ఒడ్డున మద్రాసు గవర్నరు, ఇంకొక ఒడ్డున ప్రిన్స్ ఆఫ్ బేరార్ శంకుస్థాపన చేశారు. వాయవ్యం నుంచి మరొక దళం ఔరంగాబాదు మీదికి వచ్చింది. సెప్టెంబరు 16న పారిసులో భద్రతా సమితి ఫిర్యాదు విన్నది, 17న నిజాము లొంగుబాటు ప్రకటించాడు, 18న జనరల్ చౌదరి ఎదుట ఎల్ ఎద్రూస్ సైన్యాన్ని అప్పగించాడు.

సైన్యం గెలుపుతో కథ ముగిసిందనుకోవడం న్యాయం కాదు. ఆ తర్వాతి వారాలలో మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో ముస్లిములపై జరిగిన హింసను సుందర్‌లాల్ సంఘం నమోదు చేసింది. కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని దాని అంచనా. ఆ నివేదిక 2013 వరకు జనానికి అందుబాటులోకి రాలేదు. బైరాన్‌పల్లిని తలుచుకునేవారు దీన్ని మరువరాదు. దీన్ని తలుచుకునేవారు బైరాన్‌పల్లిని మరువరాదు.

మిగిలిన బాకీ

బేరారు ఇప్పుడు విదర్భలో ఉంది. దాని కోసం హైదరాబాదులో ఎవరూ కంటతడి పెట్టరు. కాని గోదావరి ఎడమ ఒడ్డు కథ మాత్రం మన కళ్ల ముందే మళ్లీ తెరుచుకుంది. భద్రాచలం ప్రాంతం 1959లో తూర్పు గోదావరి జిల్లా నుంచి ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు పేరిట ఏడు మండలాల ప్రాంతాన్ని ఆంధ్ర ప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, చుట్టూ ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం వంటి ఊళ్లు అటు పోయాయి. గుడి ఇక్కడ, గుడి మాన్యాలు అక్కడ. ఒక పక్షం వారు 1959కి ముందు అది మాదేనన్నారు. మరొక పక్షం వారు నిజాం కాలంలో మాదేనన్నారు. రెండు మాటలూ నిజమే. ఆ రెంటి మధ్య 1860 ఉంది. ఒకప్పుడు పత్తి పడవల కోసం, తర్వాత ఆనకట్ట నీటి కోసం, అదే ఒడ్డు చేతులు మారింది. అక్కడి కోయలను 1860లో అడిగినవారు లేరు, 2014లోనూ వారి మాట చెల్లలేదు.

నిజాము పాలన మీద జాలితో నేనీ వ్యాసం రాయలేదు. జాగీర్దార్ల కింద వెట్టి చేసిన తెలంగాణ రైతుకు సార్వభౌమాధికారం ఎవరిదన్న చర్చ వల్ల ఒరిగిందేమీ లేదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఒప్పందాల్లో పెద్ద మాటలు చదివి మనం ఆగిపోతాం. చిన్న షరతులు మాత్రం తరాల తరబడి పని చేస్తూనే ఉంటాయి. చాందా రైల్వే రోజుల్లో లెక్క చూపించమన్న నలుగురిని వెళ్లగొట్టారు. ఏ నది మీద, ఏ పట్టా మీద, ఏ సరిహద్దు మీద సంతకం జరుగుతున్నా, ఆ లెక్క ఆ రోజే అడగాలి. తర్వాత అడిగితే మిగిలేది బిరుదు మాత్రమే.